కుంకుమ వేలు

సెప్టెంబరు 3, మంగళవారం

ప్లేటు నేను విసరలేదు. చెయ్యి జారింది.

వంటింటి గోడకు తగిలి కింద పడింది. సాంబారంతా క్యాలెండరు మీద. అక్టోబరు పేజీ ముందే తిప్పి పెట్టుకుని రెండో తారీఖు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టుకున్నాను, అది కాస్తా తడిసి చెరిగిపోయింది. సుష్మ కణత మీద చిన్న గీత పడింది. ప్లేటు అంచు తగిలి ఉంటుంది. పసుపు రాయబోతే నా చెయ్యి తోసేసి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

రాసుకుంటే తప్ప ఈ కోపం దిగేలా లేదు. జనవరిలో మా రైల్వే ఆఫీసులో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ కందిపప్పు డబ్బా కింద ఎత్తుకు పనికొచ్చింది. ఇవాళ తీసి దులిపాను.

అది అన్నదేమిటంటే, "అమ్మా, ఈసారి డర్బీకి నేను వేలు పెట్టను."

ఎంత తేలిగ్గా అనేసింది! ఏటా గాంధీ జయంతి నాడు మలక్‌పేటలో డర్బీ, పెద్ద గుర్రప్పందెం. ఆ రోజుకు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది, ఆయన పెట్టిన పద్ధతి. పొద్దున్నే తలంటు పోసుకుని, డర్బీలో పరుగెత్తే గుర్రాల పేర్లున్న కాగితం దేవుడి ముందు పరవాలి. సుష్మ కళ్ళు మూసుకుని, చూపుడు వేలు కుంకుమలో ముంచి, ఆ కాగితం మీద పెట్టాలి. ఎర్ర చుక్క ఏ పేరు మీద పడితే ఆ గుర్రం మీదే పందెం. దానికి ఐదేళ్ళప్పటి నుంచి ఇదే. ఆయన పోయినా నేను మానలేదు. ఆయన పోయాక మూడు డర్బీలు చూశాను, దాని వేలితో రెండు గెలిచాను. అలాంటి చెయ్యి ఎంతమందికి ఉంటుంది?

ఇరవై మూడేళ్ళు వచ్చాయి కదా, హబ్సిగూడ కోచింగ్ సెంటరులో పిల్లలకు ఫిజిక్సు చెబుతోంది కదా, ఇంట్లో కూడా పాఠం మొదలుపెట్టింది. ఎందుకు పెట్టవే అంటే నాకిష్టం లేదంది. కారణం లేదు, కాకరకాయ లేదు.

అప్పుడు జారింది చెయ్యి.

సెప్టెంబరు 4

ఉప్మా చేసి పెట్టాను, జీడిపప్పు వేసి. తినకుండా వెళ్ళిపోయింది. మొత్తం నేనే తిన్నాను. ఏం, నాకు ఆకలి వెయ్యదా?

సెప్టెంబరు 8, ఆదివారం

మలక్‌పేట వెళ్ళొచ్చాను. రామంతాపూర్ నుంచి అంబర్‌పేట దాకా ప్రతి సందులోనూ వినాయకుడే, బిక్షపతి స్కూటరు నత్తలా పాకింది. బిక్షపతి మా ఆఫీసులోనే అటెండరుగా చేసి రిటైరయ్యాడు. అప్పట్లో ఆయన్ని ఎక్కించుకుని రేసులకు తీసుకెళ్ళేవాడు, ఇప్పుడు నన్ను. దారంతా ఏదో చెబుతూనే ఉంటాడు. నా ఎడమ చెవి పనిచెయ్యదని ఎన్నిసార్లు చెప్పినా ఆ పక్కకే తల తిప్పి మాట్లాడతాడు. బాత్రూంలో జారిపడ్డప్పటి నుంచి అంతే ఆ చెవి.

ఇవాళ టికెట్ల కిటికీ దగ్గర ఒక వెధవ లైనులో నా ముందు దూరాడు. వెనక్కి పొమ్మన్నాను. "ఇంటికి పోయి వంట చేసుకో ఆంటీ" అన్నాడు. వాడి పక్కవాడు నవ్వాడు. నా చేతిలో గొడుగు ఉంది. దాని కొక్కెం వైపు తిప్పి పట్టుకుని వాడి చెవి మీద ఒక్కటిచ్చాను. వంగాడు. వంగినవాడి వీపు మీద ఇంకో రెండు. నాలుగో దెబ్బకు గొడుగు ఊచ విరిగి వాడి చొక్కాలో దిగబడింది. చెవి వెనక నుంచి రక్తం కారి కాలరులోకి పోయింది. వాడు నన్ను తొయ్యబోతే పదిమంది అడ్డం పడ్డారు, ఆడమనిషి మీద చెయ్యేస్తావా అని. నాకు నవ్వొచ్చింది.

అబద్ధం ఎందుకు, హాయిగా ఉంది. నెల రోజుల తలనొప్పి తీసి పక్కన పెట్టినట్టుంది.

బిక్షపతి నన్ను చెట్టు కిందికి లాక్కుపోయి నీళ్ళు తాగించాడు. విరిగిన గొడుగు నా చేతిలోంచి తీసుకుని నేల వైపు చూస్తూ అన్నాడు:

"మేడం, రామ్మోహన్ సార్ గూడ గిట్లనే చేస్తుండె. మీరు జర పైలం. సార్ లెక్కనే అయితున్నరు."

ఒళ్ళు మండింది. వాడి స్కూటరు ఎక్కకుండా బస్సులో ఇంటికొచ్చాను. ఆయన లెక్కనట! ఆయనేమన్నా రాక్షసుడా? ఆయన గుర్రం ఓడిన రోజే నా మీద చెయ్యి చేసుకునేవాడు. గెలిచిన రోజు ఒక్కనాడూ ఎత్తలేదు. ఇది బిక్షపతికేం తెలుసు? తప్పంతా గుర్రాలది. నేను ఆయనతో ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను, నాకు తెలుసు.

సెప్టెంబరు 12, గురువారం

హాస్టలట. హబ్సిగూడలో హాస్టల్లో చేరుతుందట. నాచారం నుంచి హబ్సిగూడ ఎంత దూరం? ఆటో ఎక్కితే పావుగంట. వేరే ఊరు పోతున్నట్టు పెద్ద పెట్టె అటక మీద నుంచి దింపింది.

ఎందుకే అన్నాను. కోచింగ్ సెంటరు పొద్దున ఆరింటికే మొదలవుతుందంది. అబద్ధం. ఇన్నాళ్ళూ ఆరింటికే కదా మొదలయింది. డర్బీ ముందు పోవాలనే దాని పన్నాగం. ఆ చెయ్యి ఈ ఇంట్లో లేకుండా చెయ్యాలని.

అడ్వాన్సు కట్టిన రసీదు చించి దాని ముందే పొయ్యిలో వేశాను. "చింపినా నా పేరు అక్కడ రాసే ఉంటుందమ్మా" అంది, చల్లగా. ఆ చల్లదనం నేను భరించలేను. ఒక్కటి వేశాను. చెంప మీద కాదు, భుజం మీద.

సెప్టెంబరు 13

భుజం మీద అని రాశాను. చెంప మీదే. రెండు. రెండోదానికి దాని తల తలుపు చెక్కకు తగిలింది.

ఇవాళ దుప్పట్టా కప్పుకుని పాఠం చెప్పడానికి వెళ్ళింది.

సెప్టెంబరు 17, మంగళవారం

నిమజ్జనం. సెలవు. మా వీధి వినాయకుడు మధ్యాహ్నం కదిలాడు. వాచ్‌మన్ భార్య సాలమ్మ మెట్ల మీద కూర్చుని డప్పులకు తల ఊపుతోంది. ఇంత చప్పుడులో ఏ ఇంట్లో ఏం జరిగినా ఎవరికీ వినబడదు కదా అనుకున్నాను.

ఎందుకు అలా అనుకున్నానో. ఆయన అలవాటు గుర్తొచ్చి ఉంటుంది. ఆయన ముందు టీవీ సౌండు పెంచేవాడు. లేచి తలుపు గడియ వేసి, రిమోటు తీసుకుని, పెంచుకుంటూ పోయేవాడు. వార్తలైతే వార్తలు, పాటలైతే పాటలు. పరువు గల మనిషి, పక్కింటివాళ్ళకు వినబడకూడదు కదా. తెర మీద సౌండు చూపించే ఆకుపచ్చ గీతలు ఒకటొకటే పెరుగుతుంటే నేను గాజులు తీసి షెల్ఫులో పెట్టుకునేదాన్ని, గుచ్చుకోకుండా.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సుష్మకు కూడా తెలియదు, చిన్నది అప్పుడు.

సెప్టెంబరు 22, ఆదివారం

రేసులకు వెళ్ళలేదు. బిక్షపతి ఫోను చేస్తే కుడిచెవి దగ్గర పెట్టుకుని, తలనొప్పిగా ఉందని చెప్పాను. సుష్మ నాతో మాట్లాడి పది రోజులైంది. అన్నం పెట్టుకుంటుంది, తింటుంది, కంచం కడుగుతుంది. గోడతో కాపురం చేస్తున్నట్టుంది నాకు. ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది, రెండూ ఒకేసారి.

చెవి సంగతి రాస్తాను. ఎవరు చూస్తారు.

దానికి ఏడేళ్ళు. డర్బీ పొద్దున తలంటు పోసి, పట్టు లంగా కట్టి, పీట మీద కూర్చోబెట్టాను. కాగితం మీద వేలు పెట్టింది. ఏ గుర్రమో గుర్తు లేదు, ఆఖరున వచ్చింది. ఆయన సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచి, తలుపు గడియ వేసి, రిమోటు తీసుకున్నాడు. పిల్ల మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు, ఆ మాట చెప్పుకోవాలి. పిల్ల ఎంచింది తప్పయితే నన్ను కొట్టేవాడు. ఆ రోజు అరచెయ్యి వెడల్పు చేసి చెవి మీద కొట్టాడు. బెలూను పగిలినట్టయింది లోపల. మళ్ళీ అక్కడే కొట్టాడు. తర్వాత జుట్టు పట్టుకుని మంచం కోడుకేసి. దిండు గలీబు నిండా రక్తం, చెవిలోంచి.

కళ్ళు తెరిచేసరికి సుష్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. వేలికి ఇంకా ఎర్రగా కుంకుమ. పొద్దుటి నుంచీ కడుక్కోలేదు పిచ్చిది. వేలు పైకెత్తి చూపిస్తోంది.

అప్పుడు నేను దాన్ని దగ్గరికి పిలిచి ఒక మాట అన్నాను. "వచ్చే ఏడాది సరిగ్గా పెట్టు తల్లీ."

నవ్వించడానికే అన్నాను. అది నవ్వలేదు.

డాక్టరుకు బాత్రూంలో జారిపడ్డానని చెప్పాను. నేను చెబుతుంటే అది నా కొంగు పట్టుకుని నిలబడి వింది.

సుష్మకు తెలియదు అని పోయినవారం రాశాను. తెలుసన్నమాట.

సెప్టెంబరు 26, గురువారం

డర్బీ గుర్రాల పేర్లు ఖాయమయ్యాయి. పన్నెండు. బిక్షపతి ఆఫీసు గేటు దగ్గరికి కాగితం తెచ్చిచ్చాడు, గొడుగు సంగతి ఎత్తకుండా. మూడో నంబరు రెడ్ టెలిగ్రామ్ ఫేవరెట్టట, ఊరంతా దాని మీదే కడుతుందట. "గది గెలవకుంటే నా మీసం తీస్త మేడం" అన్నాడు.

సాయంత్రం సుష్మ గదిలోకి వెళ్ళి కింద కూర్చున్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఒక్కసారి, ఈ ఒక్కసారి వేలు పెట్టు, ఆ తర్వాత నీ హాస్టలుకు నువ్వు పో, నేను ఆపను అన్నాను. గోడ వైపే చూస్తూ అంది:

"ఒక్కసారే. మళ్ళీ అడగవు. ఆ సాయంత్రమే వెళ్ళిపోతాను."

"అడగను."

"నాన్న ఫొటో మీద ఒట్టెయ్యి."

వేశాను. గెలిస్తే అది ఎక్కడికీ పోదు, నాకు తెలుసు. ఇంట్లో సంతోషంగా ఉంటే ఎవరు పోతారు? గెలిస్తే నాకు చిరాకు ఉండదు, నాకు చిరాకు లేకపోతే చెయ్యి లేవదు. గెలిస్తే చాలు. నా కూతురు నాకు ఉంటుంది.

సెప్టెంబరు 30

చెయ్యి ఎత్తి పద్దెనిమిది రోజులు. నేను మంచిదాన్నే.

అక్టోబరు 2, బుధవారం, పొద్దున

మహాలయ అమావాస్య కూడా ఈ రోజే వచ్చింది. పంతులుగారికి ఆయన పేరున బియ్యం, గుమ్మడికాయ, ధోవతి ఇచ్చాను. కింద సాలమ్మ బతుకమ్మకు తంగేడు పూలు బుట్టలతో తెప్పించింది.

సుష్మ తలంటు పోసుకుని వచ్చింది. పీట మీద కూర్చుంది. ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుంది, రెప్పలు ముడతలు పడేంత గట్టిగా. ఎప్పుడూ అంత గట్టిగా మూసుకోదు. వేలు గాల్లో తిరిగి తిరిగి దిగింది.

తొమ్మిదో నంబరు. లేట్ మాన్సూన్. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. పోయిన రెండు పరుగుల్లో ఆఖరి నుంచి రెండోది.

ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇంత పనికిమాలిన గుర్రం మీద దాని వేలు పడలేదు. ఎప్పుడూ కాస్త పేరున్న దాని మీదే పడేది. కావాలనే చేసిందా? "మళ్ళీ పెట్టు" అనబోయాను. కళ్ళు తెరిచి నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను.

బిక్షపతి కింద హారను కొడుతున్నాడు.

అక్టోబరు 3, గురువారం

అన్నీ వరసగా రాస్తాను. ఒక్కటి కూడా దాటెయ్యను.

మలక్‌పేటలో నిలబడడానికి చోటు లేదు. బిక్షపతి తొమ్మిదో నంబరని విని నెత్తి కొట్టుకున్నాడు, తను మాత్రం మూడు మీద కట్టుకున్నాడు. నేను తొమ్మిది మీదే కట్టాను. ఎందుకంటే చెయ్యి దానిది.

గేట్లు తెరుచుకున్నాయి. మొదటి సగం దాకా లేట్ మాన్సూన్ ఎక్కడుందో కూడా కనబడలేదు. ఆఖరి మలుపులో కంచె పక్కనుంచి బయటికొచ్చింది. ఎర్ర చొక్కా కుర్రవాడు దాని మీద. ముందు రెడ్ టెలిగ్రామ్. వాడు కొరడా తీశాడు. ఒకటి, రెండు, మూడు. దాని తొడ మీద నురగ కట్టి తెల్లగా కనిపిస్తోంది. నేను కంచె ఊచలు పట్టుకుని అరుస్తున్నాను, "కొట్టు! కొట్టరా, ఇంకా కొట్టు!" అని. గొంతు చిట్లి నోట్లో రక్తం రుచి తెలిసింది. పక్కన ఎవడో తగిలితే వాడి చేతిని గోళ్ళతో చీరేశాను, చూడను కూడా చూడలేదు. ఎర్ర చొక్కావాడు కొట్టాడు, గుర్రం తల చాచింది, తలంత తేడాతో గెలిచింది.

కింద కూలబడి ఏడ్చాను. బిక్షపతి తన టికెట్టు చించేసి నా పక్కన కూర్చున్నాడు. ఈసారి గుర్తుంచుకుని కుడి పక్కన కూర్చున్నాడు. "గెలిచిన్రు గద. ఇంగ చాలు మేడం. ఇంటికి పోయి బిడ్డతోని మంచిగుండుండ్రి." అలాగేనని తల ఊపాను. నిజంగానే ఊపాను. దారిలో కాజాలు కొన్నాను, సుష్మకు చుడీదారు బట్ట కొన్నాను. నా వయసు సగం తగ్గినట్టుంది.

ఆరున్నరకు ఇంటికొచ్చాను. కింద బతుకమ్మలు పేరుస్తున్నారు. సాలమ్మ నోట్లో ఒక కాజా పెట్టి పైకొచ్చాను. సుష్మ పెట్టె గుమ్మం పక్కన ఉంది. టీవీలో ఏవో పాటలు. సుష్మ చెప్పులు వేసుకుంటోంది.

గెలిచాం అన్నాను. దాన్ని కావలించుకుని తిప్పాను. కొయ్యలా నిలబడింది. చుడీదారు బట్ట దాని భుజం మీద వేసి చూశాను, నప్పింది. పెట్టె తీసి లోపల పెట్టబోయాను. ఫిబ్రవరిలో బొంబాయి డర్బీ ఉంది, అప్పటిదాకా ఉండు, ఈ చెయ్యి పెట్టుకుని హాస్టల్లో ఉంటావా పిచ్చిదానా అన్నాను. నవ్వుతూనే అన్నాను.

"ఒట్టు వేశావమ్మా."

"గెలిచాక ఒట్టేమిటే?"

"నేను వెళ్తున్నాను."

అంతే అంది. గొంతు పెంచలేదు. నన్ను తిట్టలేదు. నాకు నష్టం లేదు, తలనొప్పి లేదు, నా సంచి నిండుగా ఉంది, నా గుర్రం గెలిచింది.

టీవీ చప్పుడు ఎక్కువైనట్టు అనిపించి అటు చూశాను. తెర మీద ఆకుపచ్చ గీతలు పెరుగుతున్నాయి. రిమోటు నా చేతిలో ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. నా బొటనవేలు నొక్కుతూనే ఉంది.

సుష్మ తెర వైపు చూసి, నా వైపు చూసింది. ఏడేళ్ళప్పటి ముఖం. చేతికున్న గాజులు తియ్యడం మొదలుపెట్టింది.

ఆ గాజులు తియ్యడం చూసి నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. అది చూసి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. నన్ను ఆయనలా చూస్తావా అని అరుస్తూ రిమోటుతో ముఖం మీద కొట్టాను. ముక్కులోంచి రక్తం వచ్చింది. జడ పట్టుకుని గోడకేసి కొట్టాను. పెట్టె పట్టీ విప్పి దానితో వీపు మీద, చేతుల మీద, ఎన్నో లెక్క లేదు. కొత్త బట్ట మీద పడింది రక్తం. అది ఒక్కసారి కూడా అరవలేదు. ఎలాగో లేచి గుమ్మం దాటింది. కుడిచేత్తో తలుపు చట్రం పట్టుకుని, ఎడమచేత్తో పెట్టె లాగుతోంది.

తలుపు వేశాను. బలమంతా పెట్టి వేశాను. దాని వేళ్ళు చట్రం మీద ఉండడం నేను చూశాను. చూసే వేశాను.

అప్పుడు అరిచింది.

సాలమ్మ నాలుగేసి మెట్లు ఎక్కుతూ వచ్చింది, చేతుల నిండా గునుగు పూల రంగు. తలుపు లాగి వేలు విడిపించి తన కొంగు చింపి కట్టింది. టీవీ అరుస్తూనే ఉంది. సాలమ్మే వెళ్ళి దాన్ని ఆపేసింది.

"సౌండు పెరిగితే కిందికి ఇనబడదనుకున్నరా మేడం? సార్ ఉన్నప్పుడు గూడ ఇనబడుతుండె. సౌండు పెరిగిందంటే మీకు దెబ్బలు పడుతున్నయని బిల్డింగుల అందరికి ఎర్కనే. అప్పుడు నేను పైకి రాలే. గా పాపం నాకుంది. ఇయ్యాల వచ్చిన."

సాలమ్మ మొగుడు ఆటో తెచ్చాడు. దవాఖానాలో బెంచీ మీద సుష్మ నా కుడివైపు కూర్చుంది. అలవాటు దానికి, నాకు వినబడే వైపే కూర్చోవడం. కట్టు మీద రక్తం ఎర్రగా ఊరుతోంది. దాన్నే చూస్తూ చెప్పింది:

"నేను కళ్ళు మూసుకునేదాన్ని కాదమ్మా. ఏడేళ్ళప్పుడు సరిగ్గా పెట్టమన్నావు కదా. మరుసటేడు నుంచి రెప్పల సందులోంచి చూసేదాన్ని. నాన్న తనకు నచ్చిన గుర్రం పక్కన పెన్సిలుతో చుక్క పెట్టుకునేవాడు, దాని మీదే పెట్టేదాన్ని. అది ఓడితే నేను సరిగ్గా చూడలేదనుకునేదాన్ని. నాన్న పోయాక నువ్వు చుక్క పెట్టవు కదా, ఫోన్లో ఏది ఫేవరెట్టో ముందే చూసుకునేదాన్ని. ఆ తర్వాత ఇవాళే మొదటిసారి నిజంగా మూసుకున్నాను. ఎలాగూ వెళ్ళిపోతున్నాను కదా అని."

 

అదృష్టం లేదు ఆ వేలిలో. ఎప్పుడూ లేదు. నాకు దెబ్బలు తగలకూడదని ఒక చిన్న పిల్ల కనురెప్పల సందులోంచి పెన్సిలు చుక్క వెతుక్కుంది, ఏటేటా.

డాక్టరమ్మ చిన్న పిల్ల, సుష్మ వయసే ఉంటుంది. వేలు చూసింది, ముఖం చూసింది, వీపు చూసింది. ఎలా జరిగిందని అడిగింది.

"గాలికి తలుపు పడింది," అంది సుష్మ.

నేను బాత్రూంలో జారిపడ్డానని చెప్పిన గొంతే అది. అదే వేగం, అదే చూపు నేలకి. నా కొంగు పట్టుకుని నేర్చుకుంది. నేను డాక్టరమ్మ బల్ల దగ్గరికి జరిగాను.

"గాలి కాదు. నేను వేశాను," అన్నాను. "వేలు ఉందని చూసే వేశాను. ముఖం మీద కూడా నేనే కొట్టాను. నా పేరు ఛాయాదేవి, తల్లిని. రాసుకోండి."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. సుష్మ తల ఎత్తి నన్ను చూసింది. క్షమించినట్టు కాదు. మొదటిసారి చూస్తున్నట్టు.

అక్టోబరు 6, ఆదివారం

కుడి చూపుడు వేలి పై కణుపు తీసేశారు. గోరున్న ముక్క.

పోలీసులు దవాఖానాకే వచ్చి నా మాట రాసుకున్నారు. రేపు స్టేషనుకు రమ్మన్నారు. వెళ్తాను. సుష్మ ఫిర్యాదు మీద సంతకం పెడుతుందో లేదో తెలియదు, అది దాని ఇష్టం. పెట్టొద్దని అడగను. ఒట్టు వెయ్యను, నా ఒట్ల సంగతి దానికి తెలుసు.

నిన్న పెట్టె తీసుకుని హాస్టలుకు వెళ్ళింది. సాలమ్మ మోసుకెళ్ళి దింపి వచ్చింది. నేను గదిలోనే ఉన్నాను. నన్ను చూస్తే దాని చెయ్యి గాజుల మీదికి పోతుంది, అది నేను చూడలేను. ఏ గదిలో దిగిందని సాలమ్మను అడిగితే, "మీకు చెప్పొద్దన్నది మేడం" అంది.

బిక్షపతి రేసులకు రమ్మని ఫోను చేశాడు. రానని చెప్పాను. జరిగింది కూడా చెప్పాను. ఫోను పెట్టేశాడు.

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. గెలిచిన రోజు ఆయన చెయ్యి ఎత్తలేదని రాశాను. సుష్మకు పదేళ్ళప్పుడు డర్బీ గెలిచాడు. ఆ రాత్రి పాయసంలో చక్కెర తక్కువైందని గరిటెతో కొట్టాడు, మోచెయ్యి విరిగింది. మరో ఏడాది కూడా గెలిచాడు. నేను సరిగ్గా నవ్వలేదని కొట్టాడు. ఏ గుర్రానికీ సంబంధం లేదు. గెలిచినా ఓడినా కొట్టాలనిపించి కొట్టాడు. నేనూ అంతే. బిక్షపతి చెప్పినప్పుడు బస్సెక్కి పారిపోయాను.

దేవుడి ముందు ఆ కాగితం ఇంకా ఉంది. తొమ్మిదో నంబరు మీద ఎర్ర చుక్క. తీసి పారెయ్యడానికి చెయ్యి రావడం లేదు. అది పెట్టిన వేలి కొస ఇప్పుడు లేదు.

ఇంకొకటి సరిదిద్దాలి. సెప్టెంబరు మూడున ప్లేటు జారలేదు. గురి చూసి విసిరాను.